అడుగు బరువు

ఆ ఊళ్ళో ఎగ్జిబిషన్ అంటూ ఏది పెట్టినా ఆర్టు టీచరు వెళ్ళి తీరేది. ఇష్టంతో కాదు, తిట్టుకోవడానికి. కొందరికి సాయంత్రం టీ పడకపోతే తలనొప్పి వస్తుంది చూడండి, ఆవిడకి అప్పుడప్పుడూ ఎవరి పనినో చూసి పెదవి విరవకపోతే అలా ఉండేది. గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డవాళ్ళ నమస్కారం పట్టించుకునేది కాదు. గోడకి తగిలించిన పరిచయాలు చదివేది కాదు. నేరుగా మట్టి వస్తువులున్న బల్ల దగ్గరికి నడిచేది. 'ముట్టుకోరాదు' అన్న అట్టముక్క కళ్ళెదుటే ఉన్నా సరే, గిన్నెనో కూజానో రెండు చేతులా ఎత్తి, తలకిందులు చేసి అడుగు చూసేది.

"అడుగు బరువు," అనేది, కాపలా అతను పరిగెత్తుకొచ్చేలోగా. "పైనంతా సోకు, కింద రోకలిబండ."

కుమ్మరి సారె మీద కుండ లాగేటప్పుడు బద్ధకం చెయ్యి మట్టిని అడుగునే వదిలేస్తుంది. పైన అంచు ఎంత సన్నగా తీసినా ఆ గుట్టు అడుగు దగ్గర దాక్కుంటుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని ఆవిడ లోకాన్నంతా తూకం వేసేసింది. రంగు బాగుందా, ఆకారం బాగుందా, చేసినవాడు దానికోసం ఎంత తంటాలు పడ్డాడు, ఇవన్నీ ఆవిడకి అనవసరం. ఎత్తడం, తిప్పడం, పారేసినట్టు కింద పెట్టడం.

వెంట వచ్చే మొగుడు సిటీ బస్సు డ్రైవరు. పాపం, ఆయన వచ్చేది అక్కడిచ్చే టీ బిస్కెట్ల కోసం.

"చూశారా ఈ దిక్కుమాలిన పని?" అని ఆవిడ అడిగితే, "చూశా. బిస్కెట్లు మాత్రం పోయినసారి కంటే నయం," అనేవాడు.

అక్కడ ఎప్పుడూ ఓ గడ్డం ఆసామి పెద్దరికం వెలగబెడుతుండేవాడు. కాలేజీలో ఆవిడతో పాటు చదువుకున్నవాడే. ఇప్పుడు పెద్ద పేరు. వాడి కుండలన్నీ ఒక పక్కకి ఒరిగి, తాగి ఇంటికొచ్చినవాళ్ళలా ఉంటాయి. వంకరే తన భాష అని మైకులో చెబుతాడు. జనం తలలూపుతారు. "భాషా లేదు, గీషా లేదు. అప్పుడూ వాడికి సారె మీద మట్టి కుదిరి చచ్చేది కాదు. అప్పట్లో దాన్ని చేతకానితనం అనేవాళ్ళం," అనేది టీచరు, పక్కవాళ్ళకి వినబడేలాగే.

సరే, అంత తెలిసిన మనిషి, మరి ఈవిడగారు ఏం చేసింది అంటారా? ఏమీ చేయలేదు. అదే చెప్పబోతున్నాను.

బడిలో సైకిళ్ళ షెడ్డు వెనక ఆవిడకో గది ఉంది. నాలుగు సారెలు, మట్టి నానబెట్టే పెద్ద తొట్టి, మూలన కుండలు కాల్చే, బీరువా అంత కరెంటు బట్టీ. ఆ బట్టీ కోసం ఆవిడ పాత హెడ్మాస్టరు ప్రాణం తీసింది. ఈవిడ తన గదికి రావడం మానేస్తే చాలు అనుకుని ఆయన సంతకం పెట్టేశాడంటారు. పిల్లలు ఆవిడని తీగ టీచరు అంటారు. ఎవరైనా కుండ పూర్తిచేసి చేతులు తుడుచుకుంటుండగా ఆవిడ వెనకనుంచి వస్తుంది. రెండు చివర్లా చెక్కముక్కలు కట్టిన సన్నటి తీగని రెండు చేతులా బిగించి పట్టుకుని, పచ్చి కుండని పైనుంచి కిందికి నిలువునా రెండు చెక్కలుగా కోసేస్తుంది.

"చూడు నీ గోడ. ఇక్కడ వేలంత, ఇక్కడ కాగితమంత. అడుగు బరువు. తొట్టిలో పడెయ్."

గోడ ఎంత మందం వచ్చిందో పిల్లలకి తెలియాలంటే కోసి చూపించాల్సిందే, కాదనను. మట్టిపని నేర్పే ఎవరైనా మొదటి నెల అలాగే కోస్తారు. ఈవిడకి మాత్రం ఆ మొదటి నెల ముగియనే లేదు. మూడేళ్ళుగా వస్తున్న పిల్లల కుండలు కూడా కోసేసేది. తన కుండలూ కోసేసుకునేది, అవీ నచ్చేవి కాదు. ఇంట్లో ఆవిడ ఎగాదిగా చూస్తే మొగుడు, "అలా చూడకే, ఆ తీగ బళ్ళోనే పెట్టొచ్చావు కదా?" అనేవాడు.

కొత్త హెడ్మాస్టరు ఒకరోజు పిలిపించాడు. ఆయనకి మట్టి అంటే బూట్లకి అంటుకునేది, అంతవరకే తెలుసు.

"ఏంటమ్మా మీ గది సంగతి? మట్టి లోపలికి పోతోంది, మట్టే బయటికొస్తోంది. నేనొచ్చాక ఒక్క చెంబు చూడలేదు."

"చూడదగ్గది రాలేదు సార్."

"వచ్చే వారం ఎగ్జిబిషన్లో మన బడికి ఒక బల్ల ఇచ్చారు. అది ఖాళీగా ఉంటే ఆ బట్టీ తీయించేస్తా. విరిగిన బెంచీలు పెట్టుకోవడానికి నాకు గది కావాలి. మీరు చిన్నపిల్లలకి రంగు పెన్సిళ్ళు నేర్పుకోండి."

"మీ ఇష్టం," అని తల ఎగరేసి వచ్చేసింది గానీ, గదిలోకి వచ్చి బట్టీ పక్కన స్టూలు మీద కూలబడింది. ఆ గది పోతే తను ఉత్త నోటి దురుసు మనిషి, అంతకు మించి ఏమీ కాదు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆవిడకే తెలుసు. ఇప్పుడు కూర్చుని కొత్తవి చేద్దామంటే అవి ఆరడానికే వారం పడుతుంది. తడి కుండ బట్టీలో పెడితే పేలిపోతుంది. అలమరలో చూస్తే దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం క్లాసులో విషయం విన్న పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిచ్చుక అని పిలిచే పిల్ల, అందరిలోకీ సన్న గొంతుది, మెల్లిగా అంది.

"టీచర్, మా దగ్గర సగాలున్నాయి."

"ఏం సగాలు?"

స్టూలెక్కి అలమర మీది గోనెసంచులు పక్కకి తీశారు. వెనకంతా ఆరిపోయిన చెక్కలు, నిలువునా కోసిన కుండల సగాలు, వరుసలు వరుసలుగా. రెండు చెక్కలూ తొట్టిలో వేయమని టీచరు చెబితే వీళ్ళు ఒకటి వేసి ఒకటి దాచారు, అదీ ఇన్నాళ్ళుగా.

"ఎందుకే ఈ చెత్తంతా దాచారు?"

"ఊరికే టీచర్. అన్నీ తొట్టిలోకే పోతే, ఏం చేశామో మాకే గుర్తుండట్లేదు," అంది పిచ్చుక.

టీచరు కాసేపు తేరిపార చూసి, ఉన్నట్టుండి పగలబడి నవ్వింది. ఆవిడకి అందులో కనబడింది ఒకటే: అవమానించే అవకాశం. "కాల్చండి. కోసిన మొహం ముందుకి పెట్టి వరసగా నిలబెట్టండి. ఆ మహానుభావుల కళ్ళకి ఇవే ఎక్కువ," అంది. పిల్లలే బట్టీ నింపారు. ఆవిడ ఒక్క చెక్కనీ చేత్తో పట్టుకోలేదు, స్విచ్చి వేసింది, అంతే.

ఎగ్జిబిషన్ రోజు జనం ఆ బల్ల దగ్గరే మూగారు. పక్క బల్లమీద పువ్వుల కూజాలు దిక్కులేనివైపోయాయి. గడ్డం ఆసామి కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, చాలాసేపు మూలిగి, మైకు తెప్పించుకున్నాడు.

"మనమంతా కుండని చూస్తాం. వీళ్ళు కుండలోని ఖాళీని కోసి చూపించారు. ఇది ధైర్యం. ఇది ప్రశ్న."

చప్పట్లు మారుమోగాయి. ఎవరో నేత చీరావిడ కళ్ళు తుడుచుకుంది. హెడ్మాస్టరు, అదంతా తనకి ఎప్పట్నుంచో తెలిసినట్టు, అటూ ఇటూ తిరిగి చేతులు కలుపుతున్నాడు. టీచరు దగ్గరికొచ్చి, "మీ గదికి ఢోకా లేదమ్మా. కావలసినంత మట్టి తెప్పించుకోండి," అన్నాడు.

ఆవిడకి నవ్వొకటే తక్కువ. తను ఎవరిని గడ్డిపోచల కింద తీసేసిందో ఆ వెర్రిబాగులవాళ్ళే తన గది నిలబెట్టారు. ఈ సన్నాసుల గుంపుకి పారేసిన చెత్త కూడా శిల్పమే అనుకుంటూ, బల్లని ఎగతాళిగా చూద్దామని జనం పలచబడ్డాక దగ్గరికెళ్ళింది. అలవాటు కొద్దీ ఒకటి ఎత్తబోయింది. ఎత్తక్కర్లేదు కదా, కోసిన మొహం ఇటే ఉంది, గోడ మొత్తం కనబడుతూనే ఉంది.

ఎదురుగా ఉన్న వరస పిచ్చుకది. చేసిన క్రమంలోనే వరుసగా పెట్టుకుంది. ఎడమ చివరవి పరమ మోటు, అడుగున మట్టి ముద్దలా పేరుకుపోయి ఉంది. తర్వాతవాటిలో ముద్ద కాస్త కరిగింది. ఇంకా తర్వాత అడుగు పలచబడి ఆ మట్టంతా గోడలోకి ఎక్కింది. కుడి చివరికి వచ్చేసరికి టీచరు వంగింది. చూపుడువేలు అడుగు దగ్గర ఆనించి మెల్లిగా అంచుదాకా జరిపింది. మందం ఎక్కడా మారలేదు. ఇంకోసారి జరిపింది. 'అడుగు బరువు' అన్న మాట నోటిదాకా రావడానికి అలవాటుపడి ఉంది, వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

వెనకనుంచి పిచ్చుక అడిగింది, "టీచర్, అందులో తప్పేంటో చెప్పరా? ఎంత చూసినా నాకు కనబడట్లేదు."

వెటకారం కాదది. నిజంగానే నేర్చుకుందామని అడుగుతోంది. టీచరుకి ఆ కుండ గుర్తొచ్చింది. బస్సుకి టైమైందని బ్యాగు భుజాన వేసుకునే తీగ లాగిన రోజు. కోసింది, తొట్టి చూపించింది, వెళ్ళిపోయింది. ఆ గోడ వంక చూడనేలేదు.

"తప్పేమీ లేదు," అంది.

"మరి కోశారు కదా?"

టీచరు ఆ కోసిన అంచుని మళ్ళీ ఒకసారి వేలితో తడిమింది. ఊళ్ళో అందరి పనికీ ఠకీమని తీర్పు చెప్పే నోరు అది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పిచ్చుక ఆ చెక్కని పాత పేపర్లో చుట్టుకోవడం మొదలుపెట్టింది. "ఇది ఇంటికి తీసుకెళ్తా టీచర్. మూడేళ్ళు అక్కడ ఏం చేశావే అని మా అమ్మ ఊరికే అడుగుతోంది. రేపట్నుంచి నేను రాను కదా, చదువు అయిపోయిందిగా." పొట్లం కడుతూ, "దీని రెండో సగం ఏమై ఉంటుంది?" అంది.

"తొట్టిలో నానింది. దాంతో ఇంకెవరో కుండ చేసి ఉంటారు," అంది టీచరు. "దాన్నీ నేనే కోసి ఉంటాను."

పిల్ల అలాగా అన్నట్టు తలూపి, పొట్లం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మొగుడు చేతిలో బిస్కెట్లతో వచ్చి, ఈసారి తనే, "ఎలా ఉంది?" అని అడిగాడు.

"బాగుంది," అంది ఆవిడ, గుమ్మం వైపే చూస్తూ.