పీతకు ఇల్లు వెతికిన గార్డు యాకయ్య

ముప్పై నాలుగేళ్లు గూడ్సు బండ్లకు గార్డుగా పనిచేసిన యాకయ్య రిటైరయ్యేదాకా సముద్రం చూడలేదు. ఆ లోటు తీర్చింది పాత లోకో డ్రైవర్ సమద్. తన కూతురు ఆసిమా కాకినాడలో ఉంటోందని, యాకయ్యనూ ఆయన భార్య చిలుకమ్మనూ కాజీపేటలో రైలెక్కించి అక్కడికి తీసుకుపోయాడు.

తీరానికీ సముద్రానికీ మధ్య అడ్డంగా పడుకున్న ఇసుక దీవి హోప్ ఐలాండ్. అక్కడికి బోటులో బయల్దేరారు. దారిలో ఒక డాల్ఫిన్ ఎగిరితే అందరూ ఒక్కసారి ఒకే పక్కకు ఉరికారు. యాకయ్య మాత్రం గడియారం చూసి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు: "10.42. డాల్ఫిన్. కుడివైపు." మడచెట్ల దగ్గర కనబడిన నీటిపిల్లి టైము కూడా ఎక్కింది.

దీవిలో అందరూ గవ్వలు ఏరారు. యాకయ్యకు నిమ్మకాయంత, చారల శంఖం ఒకటి దొరికింది. ఇంటికి వచ్చాక మిగతా గుల్లలన్నీ కాలనీలో పంచిపెట్టి, దాన్ని మాత్రం తన కోసం ఉంచుకుని, మెరవాలని వార్నిష్ పూసి టీవీ పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున చిలుకమ్మ కేక వేసింది.

"ఏమయ్యో, నీ శంఖం ఉల్లిగడ్డల బుట్టకాడికి పోతాంది!"

"శంఖం ఎట్ల నడుస్తదే?"

"నన్నడుగుతవేంది? దాన్నే అడుగు."

శంఖం కింద ఎర్రటి కాళ్లు కదులుతున్నాయి. ఆసిమాకు ఫోన్ చేస్తే, అది సన్యాసి పీత అని, ఖాళీ గుల్లల్లో కాపురముంటుందని చెప్పింది. "జర పైలం చాచా. దానికి సముద్రం నీళ్లు కావాలె. నేను పంపుత."

కాకినాడ నుంచి ఎవరొచ్చినా వాళ్ల చేతిలో ఐదు లీటర్ల సముద్రం రావడం మొదలైంది. యాకయ్య స్టేషనుకు పోయి డబ్బా దించుకునేవాడు. పీత కొబ్బరి ముక్కలు, జొన్నరొట్టె తిని బకెట్లో ఇసుక మీద హాయిగానే ఉంది. కానీ మూడో వారం శంఖం వదిలేసి కొబ్బరినూనె సీసా నీలం మూతలో దూరింది.

"ఇగ శంఖం నీదే యాకన్నా. వాడే ఖాళీ చేసిండు" అని సమద్ సంబరపడ్డాడు.

యాకయ్యకు ఆ పూట బువ్వ సయించలేదు. మూతలోంచి పీత వెనక సగం బయటికే ఉంది. "వాడుండంగనే ఇంటికి రంగేసిన భాయ్. ఆ వాసనకే వెళ్లిపోయిండు."

సాయంత్రం సంచి పట్టుకుని కాలనీ అంతా తిరిగాడు. పద్మలత టీచర్ షోకేసు తలుపు తియ్యనంది.

"ఇచ్చిన గిఫ్టు వాపస్ అడుగుతరా అన్నా?"

"గిఫ్టు కాదమ్మా, ఇల్లు. మా పీత మూతల ఉంటాంది."

టీచర్ షోకేసు తలుపు తెరిచి గుల్ల తీసిచ్చింది.

మొత్తం పంతొమ్మిది వచ్చాయి. ఇసుక మీద వరుసగా పేరిస్తే, పీత ఒక్కొక్కదానిలో మీసాలు పెట్టి చూసి, అంచు విరిగిన బూడిదరంగు గుల్లను ఎంచుకుంది. అందులో పూర్తిగా పట్టింది కూడా.

వారం తిరక్కముందే యాకయ్య, చిలుకమ్మ బకెట్టుతో మళ్లీ దీవికి పోయారు. పీతను వదిలి, మిగిలిన పద్దెనిమిది గుల్లలూ ఇసుక మీద పెట్టారు. కాసేపటికి ఎక్కణ్నించో పీతలు వచ్చాయి. ఒకటి కొత్త గుల్లలోకి మారితే, అది వదిలిన పాతదాంట్లోకి ఇంకోటి దూరింది. దాని వెనక మరొకటి కాచుకుని నిలబడింది.

"పోటు వస్తోందండీ, ఎక్కండి!" అని బోటు సరంగు అరుస్తున్నాడు.

"ఒక్క నిమిషం అన్నా" అన్నాడు యాకయ్య, మోకాళ్ల మీద కూర్చునే. "ఇంకొకడు బయటనే ఉన్నడు."

చిలుకమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగబోయి, తనూ వంగి చూసింది. ఆఖరి పీత లోపలికి సర్దుకునేసరికి నీళ్లు వాళ్ల మోకాళ్లదాకా వచ్చాయి.