రాహేలమ్మ లద్ది మడి

రాహేలమ్మ గుర్రపు లద్దిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, జ్వరమొచ్చిన పిల్లవాడి ఒళ్ళు చూసినట్టు చూస్తుంది. మొదటిసారి అది చూసి నేను ముక్కు మూసుకున్నాను. "ఏంది వైకుంఠం సేటూ! తాతల నాటి సంది ఇత్తనాలమ్ముతున్నవ్, గవి యాడ మొలుస్తయో సూడనీకి ఇంత నామోషీనా?" అని నలుగురి ముందూ కడిగేసింది. నాది ఉస్మాన్‌గంజ్‌లో విత్తనాల దుకాణం. బజార్లో నా నోటికి జడిసేవాళ్ళే తప్ప నన్ను దులిపేవాళ్ళు లేరు. ఈమె ఒక్కతే ఉంది.

ఆమెది సంతోష్‌నగర్. ఒక ప్రభుత్వ కంపెనీ తోటలో మాలీగా చేసి రిటైరయింది. ఇంటి పక్కనే చర్చి. ఆ చర్చి వెనక మూల ఖాళీగా పడి ఉంటే ఇటుకలు పేర్చి మడి కట్టుకుంది. అడుగున పెళ్ళి బరాత్ గుర్రాల కొట్టం నుంచి తెచ్చిన పచ్చి లద్ది, దాని మీద జల్లించిన మట్టి, పైన పాత కిటికీ అద్దాలు. లద్ది మాగుతూ వేడి పుట్టిస్తుంది. డిసెంబరు చలికి బయట విత్తనం కదలకపోయినా ఇక్కడ చకచకా మొలిచేస్తుంది. కంపెనీ తోటలో పెద్దమాలీ చెప్పిన పేరుతోనే దాన్ని హాట్‌బెడ్డు అంటుంది.

ఆ మాట కథ నాకు మా అమ్మాయి కీర్తిప్రియ చెప్పింది. తను కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఇంగ్లండు చలిదేశం కదా, అక్కడి తోటమాలులూ ఇలాగే లద్ది మడులు కట్టుకునేవారట. మడిలో నారు జోరుగా లేవడం చూసి, ఏదైనా జోరుగా పుట్టుకొచ్చే చోటుకల్లా ఆ పేరే పెట్టేశారట. ఆటగాళ్ళు పుట్టుకొచ్చే పేట హాట్‌బెడ్, పాటగాళ్ళు పుట్టుకొచ్చే ఊరు హాట్‌బెడ్. అక్కడితో ఊరుకున్నారా? తగాదాలు పుట్టే చోటుకీ అదే పేరు తగిలించారు.

ఒకరోజు నా దుకాణంలో టీవీ నడుస్తోంది. ఎవడో మహానుభావుడు కోటు వేసుకుని కూర్చుని, పాతబస్తీ గొడవలకు హాట్‌బెడ్ అన్నాడు. విత్తనాలకని వచ్చిన రాహేలమ్మ చేతిలోని పొట్లాన్ని బల్ల మీద ఠపీమని కొట్టింది.

"వీని తెలివి తగలెయ్య! వీడెన్నడన్న హాట్‌బెడ్డు సూసిండా? మడిల ఏం ఇత్తు ఏస్తే గదే మొలుస్తది. తెల్లారితే బేగంబజార్ల గిరాకీ మొలుస్తలేదా? గది జెప్పమను వాణ్ణి!"

ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. మా తాత పుట్టిన బస్తీని ఎవడు పడితే వాడు నోటికొచ్చినట్టు అంటుంటే వినీ వినీ ఒళ్ళు మండిపోయి ఉన్నాను. ఆమెకు చాయ్ తెప్పించి, టీవీ కట్టేశాను.

అలాంటి మనిషి మడికి పోయిన డిసెంబరులో ఎసరొచ్చింది. చర్చి కమిటీ సెక్రటరీ సీమోను, లద్ది వాసన భరించలేకపోతున్నామనీ, ఆదివారాలు బండ్లు పెట్టుకోవడానికి జాగా చాలడం లేదనీ, ఆ మూలను పార్కింగ్‌గా మార్చేద్దామన్నాడు. కమిటీలో సగం మంది తలలూపారు. రాహేలమ్మకు ఉన్నదల్లా ఆ మూలే. ఇల్లు అద్దెది, మిద్దె మీదకు వెళ్ళనివ్వరు. మడి పోతే ఆమె పొద్దున లేచి చేసే పనే పోయినట్టు.

"కోత పండుగ నాడు నా నారు అందరికీ పంచుత. ఎవరికీ అక్కర లేదంటే ఇటుకలు నేనే పీకుత," అని సవాలు చేసి వచ్చింది.

కోత పండుగంటే మరేం లేదు, పంటలో మొదటి భాగాన్ని చర్చికి కానుకగా తెస్తారు. గుమ్మడికాయలూ కొబ్బరికాయలూ కోళ్ళూ వరసగా పెట్టి, ఆరాధన అయ్యాక ఆవరణలోనే వేలం పాడతారు. ఏటా నన్ను కూడా పిలుస్తారు. గుమ్మడికాయ కోసం ఎదురు పాట పాడి నేను కొట్లాటకు దిగిన ఏడాదీ ఉంది.

పండుగ వచ్చే ఆదివారం అనగా స్త్రీల సమాజం వాళ్ళు ఆవరణంతా కడిగి ముగ్గులు పెట్టారు. వాళ్ళ పెద్ద భాగ్యశ్రీ, సీమోను భార్య. పాస్టర్లు వస్తారు, కంపు కొడితే పరువు పోతుందని, ఆవిరి పోవడానికి రాహేలమ్మ కాస్త ఎత్తి పెట్టిన అద్దాలన్నీ బిగించి మూసి, పైన షామియానా గుడ్డ కప్పించింది. మర్నాడు గుడ్డ తీసి చూస్తే టమాటా నారూ మిరప నారూ ఉడికిన తోటకూరలాగా వాలిపోయి ఉన్నాయి.

కబురు తెలిసి నేను పరుగెత్తుకెళ్ళాను. రాహేలమ్మ ఇటుక మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె కంట నీరు నేనెన్నడూ చూడలేదు. ఎదురుగా నిలబడ్డ భాగ్యశ్రీ మీద విరుచుకుపడ్డాను. మొగుడూ పెళ్ళాం కూడబలుక్కుని చేశారని కూడా అనేశాను.

"దేవుని తోడు, నాకు తెల్వదన్నా! శుభ్రంగ ఉండాలని కప్పిన," అని భాగ్యశ్రీ కూడా ఏడ్చింది.

"నువ్వు నోర్ముయ్ సేటూ!" అంది రాహేలమ్మ, ముక్కు తుడుచుకుని లేస్తూ. "లొల్లి పెడితే నారు లేస్తదా? దోస ఇత్తులు, బీర ఇత్తులు పట్రా. గవి వేడి తగిలితే దబ్బున మొలుస్తయ్. నువ్వు ఏడ్వకు బిడ్డా. కొంగు చెక్కి పార పట్టు."

నేను విత్తనాలతో తిరిగొచ్చేసరికి ఇద్దరూ మడిని తిరగదోడుతున్నారు. కలియబెడితే గాలి తగిలి లద్ది మళ్ళీ వేడెక్కుతుందట. ఆ సాయంత్రమే విత్తనాలు వేసేద్దామని భాగ్యశ్రీ తొందరపడింది. రాహేలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లద్దిలోకి దించింది. భాగ్యశ్రీ మొహం చూడాలి! మడి కాలుతోందని అర్థమై చెయ్యి లాక్కుంది.

"గిప్పుడేస్తే ఇత్తు ఉడుకుతది. నీ చెయ్యి హాయిగ నిలవాలె. గంత దాకా ఆగాలె."

ఆ రోజు నుంచి పొద్దున్నే వచ్చి చెయ్యి పెట్టి చూసింది భాగ్యశ్రీయే. చెయ్యి నిలిచిన రోజు తనే, "పెద్దమ్మా, ఇంక ఏద్దాం," అంది. పేపరు కప్పుల్లో మట్టి నింపి, నానిన విత్తనాలు గుచ్చి, మడి మీద సర్దారు. పండుగ ముందు రోజుకి దోస మొలకలు మట్టిని నెట్టుకుని లేచాయి, వెనకే బీర.

పండుగ నాడు గుమ్మడికాయల పక్కన కప్పుల వరస పెట్టారు. చలిలో దోస మొలకేంటని అడిగినవాళ్ళందరినీ భాగ్యశ్రీ మడి దగ్గరకు లాక్కెళ్ళి చెయ్యి పెట్టించింది. ఆడవాళ్ళు కప్పుల కోసం ఎగబడ్డారు. నేను గొంతు చించుకుని అడిగినా నాకు ఒక్కటీ దక్కలేదు.

వేలం కాగానే సీమోను లేచాడు. "రాహేలమ్మ మన పెద్ద. ఆమె బతికున్నన్ని రోజులు ఆ మూల ఆమెకే ఇడిసిపెడదాం," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ గట్టిగా కొట్టాను.

"నాకొద్దు," అంది రాహేలమ్మ.

చప్పట్లు ఆగిపోయాయి. ఈ ముసలామెకేమైంది, చేతికొచ్చింది కాలదన్నుకుంటోందని నాకు చిర్రెత్తింది.

"నేనున్నన్ని రోజులంటే, నేనెప్పుడు పోతనా అని బండ్లు పట్టుకొని సూస్తుంటరు. నాకియ్యకు సీమోనూ, మడికియ్యి. సూసుకోనీకి భాగ్యశ్రీ ఉన్నది. పని నేర్సుకున్నది, నా కంటె దాని చెయ్యి గట్టిది."

భాగ్యశ్రీ లేచి నిలబడి, "బుధవారం పొద్దుగాల లద్ది బండొస్తది. వెనక గేటు కాడ ఎవ్వరూ బండ్లు పెట్టొద్దు," అని, మొగుడి వైపు తిరిగి, "మీరు గూడ," అంది.

రాహేలమ్మకైతే సీమోను ఏదో ఒక అడ్డం చెప్పేవాడే. పెళ్ళాం చెప్పేసరికి జేబులోంచి తాళం చెవి తీసి, వెనక గేటు దగ్గరున్న తన స్కూటర్ జరపడానికి వెళ్ళాడు.