చెవిలో దొంగ

తుపాకీ పోయినా బ్యాంకులో అందరూ ఆ కాపలాదారుని తుపాకీ బాబాయ్ అనే పిలిచేవారు. ఈ రోజుల్లో దొంగలు ముసుగేసుకుని రావడం లేదు, ఫోన్లో వస్తున్నారు, ఇక కాపలాకి తుపాకీ దేనికని పైవాళ్లు తేల్చేశారు. దాన్ని పట్టుకెళ్లి, తలుపు పక్కన బోర్డు ఒకటి తగిలించారు: ఫోన్లో ఎవరు బెదిరించినా డబ్బు పంపకండి. దాని కింద ఆయనకో కుర్చీ. అందులో కుదురుగా కూర్చుంటే ఒట్టు. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచేది కాదు. వచ్చినవాళ్ల హెల్మెట్లు తీయించేవాడు, మొహాన గుడ్డలు విప్పించేవాడు, మళ్లీ తలుపు దాకా వెళ్లొచ్చేవాడు.

"కాసేపు కూర్చో బాబాయ్, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అనేది క్యాషియరమ్మాయి.

"దొంగ ఎటునుంచి వస్తాడో తెలిస్తే కదమ్మా, అటు తిరిగి కూర్చోడానికి."

ఆయనకో పట్టింపు ఉండేది. డ్యూటీలో చుట్టరికాలు లేవు. సొంత బావమరిది వచ్చినా హెల్మెట్ తీయించడమే తప్ప పలకరింపు ఉండదు. అది తెలిసి భార్య కూడా పరాయి మనిషిలాగే లోపలికి పోయేది.

ఆ రోజూ అలాగే వచ్చింది. కుట్టుపని దుకాణం పెట్టుకోవాలని ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డిపాజిట్ కాగితం చేతిలో ఉంది, ఫోను చెవికి అతుక్కుని ఉంది. ఆయన ఆమె మొహం చూసి, అలవాటుగా పక్కకి తప్పుకున్నాడు.

"మా ఆయనకి కూడా చెప్పలేదు సార్," అని ఆమె ఫోన్లో గొణగడం వినబడింది.

ఆయన పట్టింపుని గాలికొదిలి వెంటపడ్డాడు.

"ఎవరే ఫోన్లో?"

ఆమె పెదాల మీద వేలు పెట్టుకుంది. "పోలీసులు. ఉన్నదంతా పంపకపోతే మిమ్మల్ని లోపలేస్తారట. తప్పుకోండి."

"పెట్టెయ్ ఫోను."

"పెట్టేస్తే మీ మీదికే వస్తారు," అంటూ కాగితం కౌంటర్ లోపలికి తోసింది.

ఆయనకి చేతనైంది ఒక్కటే. గోడ దగ్గరికి ఉరికి, ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ ముట్టని అలారం నొక్కేశాడు. గంట చెవులు చిల్లులు పడేలా మోగింది. జనం నేల కరుచుకున్నారు. గంట మోగితే కౌంటర్లు మూసేయాలన్నది రూలు కాబట్టి క్యాషియరమ్మాయి టక్కున మూసేసింది. మేనేజరు బల్ల చాటునుంచి తల పైకెత్తాడు.

"ఎక్కడయ్యా దొంగలు?"

"మా ఆవిడ చెవిలో సార్."

ఫోను అప్పటికే తెగిపోయింది. డిపాజిట్ కాగితం ఎవరూ ముట్టుకోకుండానే వెనక్కొచ్చింది. ఆమె ఆయన కుర్చీలో కూలబడి, "నలుగురిలో నా పరువు తీశారు," అంది. ఆ కాగితాన్ని మాత్రం గుప్పిట్లోంచి వదల్లేదు.

ఒళ్లో ఫోను మళ్లీ మోగింది, అదే నంబరు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఎటు తిరిగి నిలబడాలో తెలియక, ఆయన తలుపు వైపు ఒకసారి, ఆ ఫోను వైపు ఒకసారి చూస్తూ ఉండిపోయాడు.