తిరువూరు మామిడి షెడ్డులో ఒక మధ్యాహ్నం

పర్యావరణ శాస్త్రం పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. పెరుగుతున్న ఎండను నగరాలు ఎలా తట్టుకోవాలన్నది నా పరిశోధన. చాలా ఏళ్లు హైదరాబాదు, విశాఖపట్నం మేడల మీద థర్మామీటర్లు పెట్టుకుంటూ గడిపాను. తిరువూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని, మా ఊళ్లోనూ ఎండ కాస్తుంది కదా మేడమ్, అక్కడికెవరూ రారేం అని అడిగాక చిన్న పట్టణాల వైపు చూడటం మొదలుపెట్టాను. నిరుడు అక్కడ ఒక మామిడికాయల షెడ్డు రేకులకు ఎండను వెనక్కి కొట్టే తెల్ల పెయింటు వేయించాం. దాని ఫలితం చూసి నివేదిక రాయడానికి ఈ మే నెలలో బయలుదేరాను. నివేదిక బాగుంటే ఇదే పద్ధతి మరిన్ని ఊళ్లకు వెళ్తుంది.

విజయవాడ బస్టాండులో ఎనిమిదింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మైలవరం, ఎ.కొండూరు మీదుగా రెండు గంటల పైనే పట్టింది. టికెట్టు వందకు కాస్త అటూ ఇటూ. తిరువూరులో దిగి ఇడ్లీ తిని, విస్సన్నపేట వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కితే ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఇంత ఎండలో షెడ్లకు ఎవరూ రారు, కాయలు కొనడానికా అని డ్రైవరు అడిగాడు. రేకులు చూడటానికని చెబితే అద్దంలో నా వైపు ఒకసారి చూశాడు.

షెడ్డు యజమాని శేషగిరిరావుగారిది వ్యాపార కుటుంబం. చుట్టుపక్కల తోటల కాయలు కొని, ఏరించి, ట్రేలలో సర్దించి లారీల్లో ఉత్తరాదికి పంపుతారు. పెయింటు ఖర్చు సగం ఆయనే భరించారు. నన్ను స్వయంగా నిచ్చెన దాకా తీసుకెళ్లి కప్పు చూపించారు. లోపల కొలిచాను. పెయింటు వేయని పక్క షెడ్డు కంటే వేడి బాగా తక్కువగా ఉంది. నాకు సంతోషమే కలిగింది.

ఒంటిగంట దాటినా కాయలు ఏరి సర్దే ఆడవాళ్లెవరూ పని ఆపలేదు. నిరుడు పెయింటుకు ముందు ఆ వేళకు లేచి, బయట వేపచెట్ల కింద మూడింటి దాకా పడుకునేవారు. ఆ జట్టుకు పెద్ద మరియమ్మ. ఆమెను పక్కకు పిలిచి అడిగాను.

"చల్లబడింది కదా, ఇంకా రెస్టు దేనికన్నారండి ఓనరుగారు. అన్నం తిని మళ్లీ కూర్చోవడమే. మొన్న మా దుర్గకు కళ్లు తిరిగి పడిపోతే సెలైన్ ఎక్కించారు."

ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. మాట్లాడుతూనే కాయకు కాగితం చుడుతోంది. నేను శేషగిరిరావుగారి గదికి వెళ్లి విరామం సంగతి అడిగాను. ఆయన దాచలేదు.

"మీరే చెప్పారు కదా మేడమ్, వేడి తగ్గుతుందని. సాయంత్రానికి లారీ కదలాలి."

రేకుల వేడి తగ్గినంత మాత్రాన పనిచేసే ఒంటికి అలసట పోదని, ఉక్కపోతలో చెమట ఆరదని వివరించాను. తలూపారు గానీ నమ్మినట్టు లేదు. కాసేపు నాతో పాటు లోపల కూర్చోమని అడిగాను. మర్యాద కోసం వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు పనిలోంచి లేచి ట్రేల మధ్య రెండు కుర్చీలు వేశారు. మొదట కలెక్టర్ రకం మామిడికాయల ధర గురించి మాట్లాడారు. తర్వాత తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి లేచి, "ఒక గంట ఇస్తాను. రెండంటే నా వల్ల కాదు" అన్నారు. అక్కడే నిలబడి అందరికీ చెప్పారు. మరియమ్మ చేతిలోని కాయను ట్రేలో పెట్టింది. ఖాళీ గోనెసంచి పరుచుకుని పడుకుంది. దుర్గ ఆమె పక్కనే ఒరిగింది.

నాలుగున్నరకు తిరుగు బస్సు ఎక్కాను. పెయింటు పనిచేసిందని రాయడం అబద్ధం కాదు. కానీ ఆ చల్లదనం వల్ల లాభం ముందుగా చేరింది లారీకి, ఆడవాళ్లకు కాదు. విరామం తీసేయడానికి సాకైన కొలతలు నావి. ఇన్నాళ్లూ గోడలు, కప్పులు, రోడ్లు ఎంత కాగుతున్నాయో చూశాను. వాటి కింద ఎవరు ఎంతసేపు ఉంటున్నారన్నది నా పరిశోధనలో లేదు. విరామం తగ్గించకూడదన్న షరతు లేకుండా ఏ కప్పుకూ పెయింటు వేయవద్దని నివేదిక మొదటి పేజీలోనే రాశాను. దానివల్ల కొందరు యజమానులు వెనక్కి తగ్గుతారని మా శాఖలో అన్నారు. తగ్గవచ్చు.

మామిడి సీజన్లో ఈ షెడ్లు చూడాలనుకునేవాళ్లు పొద్దున పది లోపే వెళ్లండి. ఆ తర్వాత వెళ్తే, ఆ ఉక్కపోతలో మీకు కుర్చీ వేయడానికి పనిలో ఉన్నవాళ్లెవరో ఒకరు లేవాల్సి వస్తుంది.