గోదాముకు వచ్చిన నమస్తేలు

పత్రికలో డెస్కు పని మానేశాక హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ఇంజనీర్లు తయారు చేసినవాటిని మామూలు మాటల్లో రాసిపెట్టడం నా పని. పక్క సీటులో ఒక జావా ఇంజనీరు ఉండేది. సిద్దిపేట అమ్మాయి, కాపురం మియాపూర్‌లో. ఆ వారం ఆమెకు ఒకటే దిగులు. ఒక ఫర్నిచర్ వ్యాపారి దుకాణాల నుంచి గోదాముకు ఆర్డర్లు చేరవేసే సాఫ్ట్‌వేర్ డెమో చెడితే ప్రాజెక్టు పుణే ఆఫీసుకు పోతుంది, దాంతోపాటు ఆమె కూడా. ఎందుకైనా మంచిదని ఇల్లు ఖాళీ చేయాల్సి రావచ్చని ఓనర్‌కు ముందే చెప్పి ఉంచారు.

సమయం తక్కువ కాబట్టి ప్రాజెక్టు టెంప్లేట్‌తో మొదలుపెట్టింది. ఒక్క కమాండ్ కొడితే ఫోల్డర్లు, సెట్టింగులు, మాడ్యూళ్ళకు, అంటే ఒక్కో పని చేసే విడివిడి ముక్కలకు, ఖాళీ గదులు తయారుగా వచ్చేస్తాయి. మా పత్రికలో డమ్మీ పేజీ లాంటిదే. కాలమ్‌లు గీసి ఉంటాయి, వార్తలు నింపుకోవాలి. ఎలా నింపాలో చూపడానికి అందులో ఒక నమూనా మాడ్యూల్ కూడా ఉంటుంది. కొద్ది సెకన్లకోసారి అవతలి కంప్యూటరుకు "నమస్తే" అని పంపడం తప్ప దానికి వేరే పని లేదు.

"మరి దీన్ని తీసెయ్యవా?" అన్నాను.

"టెంప్లేట్‌తోని వచ్చినదాన్ని ముట్టొద్దు సార్. ఏది తీస్తే ఏది ఆగుతదో ఎవరికెరుక? మా సీనియర్లు కూడ ముట్టరు."

ఆ ఫ్లోరులో అది ఆచారమే. పాత ప్రాజెక్టుల్లో నమూనాలు ఎవరూ చూడని చోటికి ఇంకా నమస్కారాలు పెడుతూనే ఉన్నాయట.

డెమో రోజు గోదాము మేనేజరు వచ్చి పెద్ద తెర ముందు కూర్చున్నాడు. మొదటి ఆర్డరు, ఒక డబుల్ కాట్, చక్కగా వచ్చింది. వెనకే ఒక నమస్తే. ఇంకో నమస్తే. రెండు కుర్చీలు. మళ్ళీ నమస్తే.

"ఏందమ్మా ఇది? సామాన్ల కన్న నమస్తేలే ఎక్కువొస్తున్నయి. వీటిని ఏ ర్యాకుల పెట్టాలె?"

మా మేనేజరుది కాకినాడ. "అది మర్యాద కోసం పెట్టిందండి" అన్నాడు.

"మర్యాద ఒక్కపారి చాలదా సార్?"

ఆమె లాప్‌టాప్ ముందుకు జరిగింది. ఆచారం పక్కన పెట్టి, అందరూ చూస్తుండగానే ఆ ఒక్క మాడ్యూల్‌ను ఆపేసింది. నమస్తేలు ఆగాయి. అందరం తెర వైపే చూస్తున్నాం. ఒక డైనింగ్ టేబుల్ వచ్చింది, దాని వెనక సోఫా.

గోదాము మేనేజరు ముందుకు వంగాడు. "ఒకటి బంద్ జేస్తే మిగిలినయి నడుస్తున్నయా? మా పాతదాంట్ల బిల్లింగ్ ఆగిందంటే దుకాణమే ఆగుతది."

"దేనికదే సార్. అందుకే ముక్కలు ముక్కలుగ కట్టినం."

"గిది ముందే చెప్పాలె గద" అంటూ ఆయన మరికొన్ని మాడ్యూళ్ళు ఆపించి, నడిపించి చూశాడు. లేచేటప్పుడు, పని ఈ అమ్మాయి టీముతోనే చేయిస్తామని మా మేనేజరుకు చెప్పాడు.

ఆమె వెంటనే భర్తకు ఫోన్ చేసింది. "పుణే పోవుడు లేదు. ఇల్లు ఖాళీ చేస్తలేమని ఓనర్‌కు చెప్పు."

అవతల ఆయన ఏదో చెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది. "కిరాయికి వచ్చేటోళ్ళను ఓనర్ అప్పుడే తోలుకొచ్చిండట సార్. మా వంటింట్ల అల్మారాలు కొలుస్తున్నరట."

మళ్ళీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "చాయ్ పోసి పంపియ్యి."