ఎవరి బండికి వాళ్ళు బొట్టు పెట్టుకోకూడదు

మార్కాపురంలో పలకల రామసుబ్బయ్య అంటే కొందరికి తెలియకపోవచ్చు గానీ, జీపు రామసుబ్బయ్య అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పలకల వ్యాపారం తండ్రి ఇచ్చింది. జీపూ తండ్రి ఇచ్చిందే. క్వారీ దారుల్లో మామూలు బండ్లు నిలవడం లేదని, మిలిటరీ వాళ్ళు వాడి వేలంలో అమ్మేసిన పాత జీపును ఆ పెద్దాయన కొనుక్కొచ్చాడు. తర్వాత బడి పిల్లల చేతుల్లోంచి పలకలు పోయాయి, గోదాముకు తాళం పడింది, జీపు మాత్రం మిగిలింది. భార్య జయలక్ష్మి మోకాళ్ళకు నూనె తేవడం మర్చిపోయేవాడు గానీ జీపుకు ఇంజనాయిల్ మర్చిపోయిన రోజు లేదు. ఈ మాట ఆమే నవ్వుతూ అందరికీ చెప్పేది. మొదట్లో నవ్వుతూనే చెప్పేది.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల అలాంటి జీపులు ఏడు ఉండేవి. ఒకటి గిద్దలూరులో బియ్యం వ్యాపారిది, ఒకటి పెద్దారవీడు రైతు పుల్లారావుది, ఒకటి దొనకొండ మాలకొండయ్యది, ఇలా. అందరూ దసరా నాడు రామసుబ్బయ్య గోదాము ముందు కలిసేవాళ్ళు. బండ్లు కడిగి, మామిడాకులు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వరసగా దోర్నాల దారిన కొండ మొదలు దాకా పోయి పులిహోర తిని వచ్చేవాళ్ళు. పెళ్ళి ఊరేగింపుకైనా అంత జనం చూడటానికి వచ్చేవాళ్ళు కాదు.

ఆ పూజకు ఒక నియమం ఉండేది. ఎవరి బండికి వాళ్ళు బొట్టు పెట్టుకోకూడదు, ఇంకొకడు పెట్టాలి. ఆ పెట్టేవాడు తన జీపు నడుపుకుంటూ వచ్చినవాడే అయ్యుండాలి. ఇదెక్కడి చాదస్తం అంటారేమో. సాకులు చెప్పి బండి ఇంట్లో పెట్టి వచ్చే బద్ధకస్తుల కోసం రామసుబ్బయ్యే పెట్టిన నియమం అది. ఆయనకు నియమాలంటే మహా ఇష్టం, ఇతరులకు పెట్టేవి మరీను.

ఎనిమిదేళ్ళ కిందట మాలకొండయ్య జీపు గేరుబాక్సు పోయింది. బాగు చేయిద్దామంటే సామాను దొరకలేదు. ఒకప్పుడు పాత ఇనుము కొట్లో కిలోల లెక్కన తూచి ఇచ్చిన సామానే, పెద్ద పట్టణాల్లో డబ్బున్నవాళ్ళు పాత మిలిటరీ బండ్లు సరదాగా కొనడం మొదలెట్టాక బంగారం కొట్టులో అడిగినట్టు అడగాల్సి వచ్చింది. అయినా పండగ మానలేక మాలకొండయ్య రైలెక్కి వచ్చాడు, చేతిలో కుంకుమ పొట్లంతో.

"రైల్లో వచ్చినోడు బొట్టు పెట్టేదేంది మాలకొండయ్యా? వచ్చే ఏడు బండితో రా, అప్పుడు పెడుదువు" అన్నాడు రామసుబ్బయ్య అందరి ముందూ.

అందరూ నవ్వారు. మాలకొండయ్య కూడా నవ్వాడు. పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, పులిహోర తిని, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అలిగాడులే, అలక తీరితే వాడే వస్తాడని రామసుబ్బయ్య ఊరుకున్నాడు. పోయిన ఎండాకాలం మాలకొండయ్య చనిపోయాడని దినాలు అయిపోయాక తెలిసింది. ఏ మొహం పెట్టుకుని పోవాలని అప్పుడు కూడా పోలేదు.

మిగతా జీపులూ ఒక్కొక్కటే తగ్గాయి. వీటి నాడి తెలిసిన మేస్త్రీ కన్ను మూశాడు. వాళ్ళబ్బాయి స్కూటర్లు బాగు చేసుకుంటున్నాడు. రిజిస్ట్రేషను ఫీజు పెరిగింది, పెట్రోలు సంగతి సరేసరి. గిద్దలూరు వ్యాపారి కొడుకులు జీపును ఫొటోలు తీసే స్టూడియోకు అమ్మేశారు. చివరికి మిగిలినవి రెండే, రామసుబ్బయ్యదీ పుల్లారావుదీ. ఇద్దరుంటే చాలు, ఒకరికొకరు బొట్టు పెట్టుకోవచ్చు. ఆ ధైర్యంతోనే ఈ ఏడు ఢిల్లీ నుంచి నాలుగు టైర్లు తెప్పించాడు. జయలక్ష్మి ఒక్క మాట అనలేదు. ఆమె ఏదైనా అనుంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

దసరా నాడు తొమ్మిదైనా పుల్లారావు రాలేదు. ఫోనూ ఎత్తలేదు. రామసుబ్బయ్య కుంకుమ భరిణె జేబులో వేసుకుని, బొట్టు లేని జీపునే తీసుకుని పెద్దారవీడు పోయాడు. జీపు ఉండాల్సిన రేకుల షెడ్డులో రెండు గేదెలు కట్టేసి ఉన్నాయి.

"బండేదిరా?"

"అమ్మేసినానన్నా, శ్రావణంలో" అన్నాడు పుల్లారావు తల ఎత్తకుండా. "బెంగళూరాయన వచ్చినాడు. అద్దాల హాలు కట్టుకుని అట్లాంటివి పద్దెనిమిది పెట్టుకున్నాడంట. నడపడంట, చూసుకుంటాడంట."

"నాకు చెప్పాలని అనిపియ్యలేదా నీకు?"

"చెప్తే నువ్వు టైర్లు కొనేవాడివి కాదు కదన్నా. ఆ నాలుగు రోజులైనా సంతోషంగా ఉంటావనుకున్నా."

రామసుబ్బయ్యకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపు వచ్చింది. రెండూ మింగి భరిణె చాపాడు. "సరేలే, ఈ బండికన్నా బొట్టు పెట్టు."

పుల్లారావు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను పెట్టకూడదన్నా. నాకిప్పుడు బండి లేదు."

"నియమం పెట్టింది నేనే, తీసేసేదీ నేనే. పెట్టు."

"మాలకొండన్నకు తియ్యలేదు కదా, నాకెందుకు తీస్తావు?"

అది ఎత్తిపొడుపు కాదు. పుల్లారావుకు ఎత్తిపొడవడం చేతకాదు. అందుకే ఆ మాట రామసుబ్బయ్యకు సూటిగా తగిలింది. ఆయన జీపెక్కి దొనకొండ దారి పట్టాడు.

మాలకొండయ్య భార్య శేషమ్మ వాకిట్లోనే ఉంది. జీపు చప్పుడుకు లేచి నిలబడింది. దొడ్లో వేపచెట్టు పక్కన మాలకొండయ్య జీపు చక్రాలు లేకుండా నాలుగు రాళ్ళ మీద ఉంది. తుప్పు పట్టింది గానీ దుమ్ము లేదు. ఆ పొద్దుటే ఎవరో తుడిచారు. ముందు భాగాన ఎండని మామిడాకుల తోరణం వేలాడుతోంది.

"అమ్మలేదామ్మా?" అన్నాడు రామసుబ్బయ్య.

"శానామంది వచ్చినారన్నా. ఆయన ఇయ్యలేదు. ఇచ్చేస్తే మళ్ళా మీ వరసలోకి రాలేననేవాడు. గేరుబాక్సు కోసం ఎంతమందికి ఫోన్లు చేసినాడో."

ఆమె తోరణంలో జారిన మామిడాకును సర్దింది.

"ప్రతి దసరాకూ బండి కడిగి తోరణం కట్టి, ఈ అరుగు మీదనే కూర్చునేవాడు చీకటి పడిందాక. నేను బొట్టు పెడతానంటే వద్దనేవాడు. ఎవురి బండికి వాళ్ళింటోళ్ళు పెట్టకూడదంట కదా. మా వోళ్ళు జీపులేసుకుని వస్తారు, వాళ్ళే పెడతారు అనేవాడు. మీరెవురూ రాలేదన్నా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయన తట్టుకునేవాడు. అలిగాడనుకున్న మనిషి ఏడు దసరాలు ఎదురుచూశాడు. మార్కాపురం నుంచి ఎంత దూరం? గంట, గంటంపావు. ఆ దారిన ఒక్కసారి జీపు తిప్పి ఉంటే సరిపోయేది.

"మీరు బండి మీదనే వచ్చినారు గదా, పెట్టండి" అంది శేషమ్మ.

రామసుబ్బయ్య భరిణె మూత తీశాడు. బొట్టు పెడుతుంటే తుప్పు పొడిగా రాలి వేలికి అంటుకుంది. కుంకుమ ఏదో, తుప్పు ఏదో ఆయన కళ్ళకు ఆనలేదు. "వచ్చినాను మాలకొండయ్యా" అన్నాడు.

శేషమ్మ లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చింది. ఆయన తాగి, చెంబు చేతికిచ్చి, చెప్పులు వేసుకున్నాడు.

తిరుగు దారిలో పెట్రోలు బంకులో పనిచేసే అమ్మాయి జీపును మురిపెంగా చూసి అడిగింది: "ఏంది తాతా, పండగ పూట బండికి బొట్టు పెట్టలేదే?"

"పెట్టేవాళ్ళు లేరమ్మా" అన్నాడు రామసుబ్బయ్య, డబ్బులు తీస్తూ.