గాలిలో గంటా పది

మా అక్క ఇరవై రెండేళ్లుగా టికెట్ల ఏజెన్సీలో ఒకే కుర్చీలో కూర్చుంటోంది. కుర్చీ దిండు రెండుసార్లు మారింది, అక్క మారలేదు. వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ఒక్కటే: ఇక్కడి నుంచి రాజధానికి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? అక్క తలెత్తకుండానే చెబుతుంది.

"ఆరు వందల నలభై కిలోమీటర్లు. గంటా పది."

అది విమానం గాలిలో ఉండే లెక్క. విమానాశ్రయానికి వెళ్లడం, అక్కడ పడిగాపులు, దిగాక ఊళ్లోకి రోడ్డు, ఇవేవీ అందులో ఉండవు. అవి చెబితే బేరం జారిపోతుందని యజమాని మొదటి రోజే నేర్పాడు. నిద్రలో లేపి అడిగినా గంటా పదే అంటుందని మేం ఏడిపించేవాళ్లం.

మా బావ రాజధానిలో క్రేన్ నడుపుతాడు. అంత ఎత్తున కూర్చునేవాడే గానీ, సూది చూస్తే ఆమడ దూరం పరిగెత్తే మనిషి.

ఆ రోజు పదకొండు గంటలకు ఆస్పత్రి నుంచి బావే ఫోన్ చేశాడు. ఇనుప దూలం జారి మోకాలి దగ్గర రక్తనాళం తెగిందట. వెంటనే ఆపరేషన్ చేస్తే కాలు దక్కుతుంది, ఆలస్యమైతే చెప్పలేమన్నాడట డాక్టరు.

"నువ్వు రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంటా పది," అంది అక్క.

"అయితే నువ్వొచ్చాకే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెడతా. నిన్ను చూడకుండా లోపలికి పోను."

అసలు లెక్క అక్కకు తెలియక కాదు. నోటికి పట్టిన మాట కంగారులో బయటికొచ్చేసింది. టాక్సీలో సగం దూరం వెళ్లాక గానీ తనేమందో తట్టలేదు. మళ్లీ ఫోన్ చేసింది. ఐదు గంటలు పడుతుందంటే బావ బెంబేలెత్తిపోతాడని భయపడింది.

"కాస్త ఆలస్యమవుతుందండీ. మీరు సంతకం పెట్టెయ్యండి."

"కాస్తేగా, ఆగుతాలే. నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక!"

ఆ "కాస్త" అన్న మాట మీద నాకిప్పటికీ కోపమే. ఉన్నమాట చెప్పి ఉంటే బావ ఆ క్షణమే సంతకం పెట్టేవాడు.

తనిఖీ దగ్గర వరస కదల్లేదు. విమానం తలుపులు మూశాక ముప్పావు గంట నేలమీదే నిలబెట్టారు. ఫోన్లు ఆపమన్నారు. గాలిలో మాత్రం సరిగ్గా గంటా పది. దిగాక ఊళ్లోకి గంటన్నర.

అక్కడ బావ అరగంట, ఇంకో అరగంట అంటూ డాక్టర్ల మాట వినకుండా రెండున్నర దాకా ఆగాడు. నొప్పి ఓర్చుకోలేక చివరికి సంతకం పెట్టాడు. అక్క చేరేసరికి నాలుగున్నర. లోపల కాలు మోకాలి పైదాకా తీసేస్తున్నారు.

రాత్రికి నేనూ చేరుకున్నాను. మర్నాడు ఉదయం మా ఇద్దర్నీ లోపలికి పంపారు. అక్క ముఖం పీక్కుపోయి ఉంది.

"నా నోటితో నేనే పోగొట్టానండీ," అంది.

కాలుండాల్సిన చోట చదునుగా పడివున్న దుప్పటిని బావ చేత్తో తట్టాడు.

"అలిసిపోయావు, ఇలా కూర్చో. ఇప్పుడు చోటు బోలెడుంది."

అక్క కూర్చోలేకపోయింది.